ఏఆర్టీ (హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే) మందులు మా పీహెచ్‌సీలోనే ఇస్తే లంకలవాళ్లు వచ్చి తీసుకుంటారా?

లంక నర్సు (కోనసీమ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండి. నేను కోనసీమలో ఓ పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. మా పరిధిలో కొన్ని ఊళ్లు ఏటిగట్టుకి ఇవతల ఉంటే, మిగతావి ఏటి మధ్య లంకల్లో ఉన్నాయి. మామూలు రోజుల్లో కాజ్‌వే మీద ఆటోలు తిరుగుతాయి. వరదొచ్చి కాజ్‌వే మునిగిందంటే పడవే దిక్కు.

గర్భిణులకి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మేమే చేస్తాం. వేలి చివర పొడిచి రక్తపు చుక్క కిట్ మీద వేస్తే కాసేపట్లో తేలిపోతుంది. రెండో గీత పడితే ఏరియా ఆసుపత్రిలో ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ పరీక్షలు చేసి సలహా చెప్పే కేంద్రానికి పంపిస్తాం. అక్కడ మిగతా కిట్లతో కూడా చూసి ఖాయం చేసుకుని ఏఆర్టీ సెంటర్లో పేరు రాయిస్తారు. అక్కడితో ఆ మనిషి మా చేతిలోంచి వెళ్లిపోతుంది. నెలలు నిండే వేళకి మళ్లీ కనపడితే "మందులు వేసుకుంటున్నావా అమ్మా" అని అడుగుతాను, ఆవిడ తలూపుతుంది. నిజంగా వేసుకుంటోందా, మధ్యలో మానేసిందా, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) ఎంతుంది, ఇవేవీ మాకు తెలియవు. కానుపు మాత్రం మా బల్ల మీదే జరగొచ్చు.

ఈమధ్య మా డాక్టరుగారు ఓ మాటన్నారు. కుదురుగా మందులు వాడుతున్నవాళ్లకి నెలనెలా ఇచ్చేవి మన దగ్గరే ఇప్పించమని పైకి రాద్దామా, నీకేమనిపిస్తోందో ఓ కాగితం మీద పెట్టు అని. వినగానే సంతోషం వేసింది. కొబ్బరి దింపు కార్మికులు, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, చేలో కూలికెళ్లే ఆడవాళ్లు ఆ మందుల కోసం ఓ రోజు కూలి వదులుకుని పోతున్నారు. మా దగ్గర ఇస్తే పొద్దున్నే తీసుకుని పనికి వెళ్లిపోవచ్చు కదా అనుకున్నాను.

అత్తగారికి బీపీ మాత్రలకని మా దగ్గరకి వచ్చే ఒకావిడ ఉన్నారు. ఆవిడ విషయం నాకొక్కదానికే తెలుసు. గదిలో ఎవరూ లేనప్పుడు మెల్లిగా అడిగాను, ఇక్కడే ఇస్తే తీసుకుంటావా అని. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేను రానండి. మీ ఆశా వర్కరు మా తోడికోడలు" అన్నారు. అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా కాకినాడ పోయి జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో తీసుకుంటారట. బస్సులో ఎవరైనా తెలిసినవాళ్లు ఎదురైతే పెద్దమ్మ కూతురింటికని చెబుతారట.

అప్పట్నించీ ఆ కాగితం ముట్టుకోలేదు. దగ్గరికి తెస్తే మేలనుకుంటే, దగ్గరే ఆవిడకి ప్రమాదమైంది. మీలో ఎవరైనా ఇలాంటి ఏర్పాటు చూసినవాళ్లు గానీ, మందులు వాడుతున్నవాళ్లు గానీ ఉంటే మీ అనుభవం రాయండి. ఇంకో సంగతి కూడా ఉంది. పాజిటివ్ తల్లికి కానుపు చెయ్యాలంటే మా ఆయమ్మకి భయం. కోప్పడితే పోయే భయం కాదది. ఎలా నచ్చజెప్పాలి?


ఐసీటీసీ కౌన్సిలర్ (పశ్చిమ గోదావరి) రాసిన జవాబు

నర్సుగారూ, ఆ కాగితం తప్పకుండా రాయండి. కాకపోతే "పీహెచ్‌సీలో మందులు ఇవ్వాలి" అని కాకుండా "ఎక్కడ తీసుకోవాలో రోగే ఎంచుకోవాలి, ఆ ఎంపికలో మా పీహెచ్‌సీ కూడా ఉండాలి" అని రాయండి. నా సర్వీసులో నేను గట్టిగా నమ్మింది ఇదే.

మన దేశంలో ఏఆర్టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పుడు దేశం మొత్తానికి ఎనిమిదే కేంద్రాలు. ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపే సీడీ ఫోర్ కణాల లెక్క 200 కిందకి పడిపోతేనే మందు. అంటే మంచం పట్టాక వచ్చేవాళ్లు. వాళ్లకి పెద్దాసుపత్రి, పెద్ద డాక్టరు ఉండాల్సిందే. ఆ హద్దు 350కి పెరిగింది, తర్వాత ఇంకా పెరిగింది. 2017లో లెక్కే మారిపోయింది. పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ ఫోర్ ఎంతున్నా వెంటనే మందు మొదలుపెట్టాలన్నారు. 2020 నుంచి టీఎల్‌డీ వచ్చింది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపి ఒకటే మాత్ర, రోజుకోసారి. పాత మందులతో రక్తం తగ్గిపోవడం, కాళ్లు తిమ్మిర్లు, ముఖం లోపలికి పీక్కుపోవడం ఇవన్నీ మేం చూశాం. ఇప్పుడు మా దగ్గరకి వచ్చేవాళ్లలో చాలామంది మీకూ నాకూ మల్లే పనికి పోయేవాళ్లే. వాళ్లకి జబ్బు కంటే మందుకోసం తిరగడమే భారమైపోయింది. అందుకే ఇవాళ ఇది పీహెచ్‌సీ పని అయింది. పదిహేనేళ్ల కిందట అడిగుంటే వద్దనేదాన్ని.

మన రాష్ట్రం సంగతి కూడా మీ కాగితంలో పెట్టండి. 2023 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.20 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. అంటే మూడింతలు. ఇంతమందిని జీవితాంతం కొన్ని పెద్ద కేంద్రాలే మొయ్యాలంటే కుదరదు.

ఇక ఎవర్ని మీ దగ్గరకి పంపాలి అన్నది. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లని పంపకూడదు. టీబీ కూడా ఉన్నవాళ్లని, వైరల్ లోడ్ దిగనివాళ్లని, చిన్నపిల్లల్ని ఏఆర్టీ సెంటర్లోనే చూడాలి. మందు మొదలుపెట్టాక ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి వైరల్ లోడ్ చేస్తారు. అది దిగి, నిలకడగా ఉన్నవాళ్లు మీకు సరిపోతారు. ఏఆర్టీ సెంటర్ వాళ్లు చెప్పిన గడువుకి పెద్ద కేంద్రానికి వెళ్లి డాక్టరుకి చూపించుకోవాలి, మధ్యలో మందు మాత్రం మీ దగ్గర. లింక్ ఏఆర్టీ అని కొన్ని ఆసుపత్రుల్లో ఐసీటీసీని ఆనుకుని నడుపుతున్నది ఇదే పద్ధతి.

మా దగ్గర లింక్ ఏఆర్టీ పెట్టిన కొత్తలో ఫలానా వారం ఏఆర్టీ రోజని పెట్టారు. ఆ రోజు వరండాలో బెంచీ మీద కూచున్న ప్రతి మనిషీ ఊరికి తెలిసిపోయేవాడు. బయట టీ బడ్డీ దగ్గర వాళ్లు ఆ రోజు లోపలికి పోయేవాళ్లని లెక్కపెట్టేవాళ్లు. మూడో నెలకల్లా బెంచీ ఖాళీ అయ్యింది. రోజూ ఇస్తాం, ఓపీ వేళలో ఎప్పుడైనా రావచ్చు అని మార్చాక మళ్లీ వచ్చారు. కనక మీరు వేరే రోజు పెట్టకండి, వేరే గది పెట్టకండి, గోడకి బోర్డు కొట్టకండి. బీపీ, షుగర్ మాత్రలు తీసుకునే ఎన్‌సీడీ వరసలోనే వీళ్లూ నిలబడాలి, అదే కిటికీ దగ్గర, అలాంటి కవర్లోనే మందు అందాలి.

ఆశాల సంగతి. ఆశాకి ఆ మనిషి హెచ్‌ఐవీ స్థితి తెలియాల్సిన అవసరం లేదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ మనిషి ఒప్పుకోకుండా స్థితి బయటపెట్టకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. వైద్యం కోసం తెలియాల్సినవాళ్లకి మాత్రమే చెప్పొచ్చు. మీ పీహెచ్‌సీలో అది మీరూ, డాక్టరుగారూ, మందిచ్చే ఫార్మసిస్టూ. ముగ్గురితో ఆగాలి. రిజిస్టరు తాళం వేసిన బీరువాలో ఉండాలి, తాళం ఒకరి దగ్గరే ఉండాలి. గర్భిణుల లైన్ లిస్టులో (పేర్ల జాబితాలో) పేర్ల పక్కన ఎర్ర సిరాతో గుర్తులు పెట్టడం కొన్నిచోట్ల నేను చూశాను. అది చాలా పెద్ద నష్టం చేస్తుంది. ఆ పుస్తకం ఎవరి బల్ల మీదైనా తెరిచి పడి ఉండొచ్చు.


పేరు వద్దు (పాలకొల్లు దగ్గర) రాసిన జవాబు

నేను ఆ మందులు వేసుకునేదాన్నే. మా ఆయన లారీ డ్రైవరు. ఆయన పోయాక నాకూ ఉందని తెలిసింది. అప్పటికి మా బాబు పొత్తిళ్లలో ఉన్నాడు. వాడికి లేదని తేలిన రోజు నేను ఆసుపత్రి మెట్ల మీద కూచుని ఏడ్చింది ఇప్పటికీ గుర్తు. వాడిప్పుడు ఐటీఐ చదువుతున్నాడు.

ఆ తోడికోడలు మాట చదివి నాకేమీ వింత అనిపించలేదు. మా ఊళ్లో అందరికీ అందరూ ఏదో ఒక వరస. దగ్గర్లో ఇస్తారని తెలిసీ నేనూ చాలా కాలం దూరమే పోయాను. పోయినప్పుడల్లా ఒక పని చేసేదాన్ని. మందుల డబ్బా మూత తీసి, మాత్రలన్నీ కాల్షియం బిళ్లల ఖాళీ డబ్బాలో పోసి, పైన ఇంత దూది కుక్కేదాన్ని. దూది పెట్టకపోతే నడుస్తుంటే సంచీలో గలగలమంటుంది. అసలు డబ్బా మీద కాగితం గోటితో గీకి బస్టాండు దగ్గర చెత్తలో పడేసేదాన్ని. నాతోపాటు వచ్చేవాళ్లంతా ఇదే చేసేవాళ్లు. మీ పీహెచ్‌సీలో ఇచ్చేటప్పుడు ఆ డబ్బాతో ఇస్తారా, బీపీ మాత్రల్లాగ కవర్లో వేసిస్తారా అన్నది మాకు పెద్ద విషయం అండి. చిన్న విషయం కాదు.

ఇప్పుడు నేను మా దగ్గరి ఆసుపత్రిలోనే తీసుకుంటున్నాను. ఎందుకు మారానంటే అక్కడి సిస్టరు. మొదటిసారి వెళ్తే పేరు పెట్టి పిలవలేదు, చీటీ మీద అంకె రాసి ఆ అంకె పిలిచారు. షుగర్ వాళ్లనీ అంకెలతోనే పిలిచారు. "ఎలా వచ్చింది నీకు" అని అడగలేదు. అంతకుముందు ఓ చోట పంటి నెప్పికి వెళ్తే, ఉన్న సంగతి చెప్పానని బయట బల్ల మీద కూచోబెట్టి సాయంత్రం దాకా పట్టించుకోలేదు. ఈ రెండూ చూశాక, నేను దూరానికి కాదు భయపడేదని నాకు తెలిసింది.

నర్సుగారికి నా మాట. ఆవిణ్ణి మళ్లీ మళ్లీ అడగకండి. ఇక్కడ ఇస్తున్నారని తెలిస్తే చాలు. కాకినాడ వెళ్లే ఓపిక ఉన్నన్నాళ్లు వెళ్తారు. ఒకనాడు జ్వరం వచ్చో, చేతిలో డబ్బుల్లేకో ఆగిపోతారు చూడండి, ఆ రోజున మీ గది గుర్తొస్తే చాలు. వచ్చినప్పుడు మాత్రం ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అనకండి.

పింఛను గురించి కూడా ఎవరైనా పైకి రాస్తే బాగుండును. 2024 జూలై నుంచి మాకూ నాలుగు వేలు వస్తోంది, మందులకీ తిండికీ పెద్ద ఆసరా. కానీ ఏ పింఛనో వీధిలో పదిమంది ముందు చదవకూడదు.


ల్యాబ్ టెక్నీషియన్ (రాజమండ్రి) రాసిన జవాబు

అందరూ ఇవ్వాలనే అంటున్నారు, నాది కొంచెం వేరే మాట. గుట్టు సంగతి మీరు చెప్పినదంతా నిజమే. నా భయం స్టాకు. పెద్ద కేంద్రంలో మందు నిండుకుంటే పక్క జిల్లా నుంచి సాయంత్రానికి తెప్పిస్తారు. పీహెచ్‌సీలో నిండుకుంటే? ఫార్మసిస్టు సెలవులో ఉంటే? "రేపు రండి" అంటారు. దింపు పని మానుకుని వచ్చినవాడు రేపు రాడు. నెల్లాళ్లు పోతుంది. మందు ఆగీ ఆగీ వేసుకుంటే వైరస్ ఆ మందుకి లొంగడం మానేస్తుంది, ముఖ్యంగా లామివుడిన్‌కి. ఆ మనిషికి హెపటైటిస్ బీ కూడా ఉంటే ఇంకా ప్రమాదం. టీఎల్‌డీలో రెండు మందులు దాని మీద కూడా పనిచేస్తాయి, హఠాత్తుగా ఆపేస్తే కాలేయం దెబ్బతింటుంది.

కాబట్టి నర్సుగారూ, మీ కాగితంలో మొదటి షరతు స్టాకు పెట్టండి. ఎంతమందికి ఇస్తారో వాళ్లందరికీ మూడు నెలలకి సరిపడా ఎప్పుడూ మీ అలమారాలో ఉండాలి. లేకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

రెండోది, వైరల్ లోడ్ రక్తం. దాన్ని తీశాక వేళ మించకుండా ప్లాస్మా వేరుచేసి చల్లగా పంపాలి. మీ దగ్గర సెంట్రిఫ్యూజ్, ఐస్ ప్యాక్‌లు, ఏరియా ఆసుపత్రికి బండి ఉంటేనే అక్కడ తియ్యండి. లేకపోతే ఏడాదికోసారే కదా, ఆ ఒక్కరోజూ మనిషినే పంపండి. చెడిపోయిన శాంపిల్ కోసం మళ్లీ పొడిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.


లంక నర్సు రాసిన జవాబు

ఇంత వివరంగా రాస్తారనుకోలేదండి. పేరు వద్దుగారూ, ఆ దూది సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మందు ఇచ్చే కవరు గురించి నాకు తట్టనే లేదు. మా ఫార్మసిస్టుతో ఇవాళే మాట్లాడాను. తెరిచిన మాత్ర తేమ తగిలితే పాడవుతుంది కనక డబ్బాలోనే ఉంచి, పైన పేరు లేని తెల్ల కాగితం చుట్టి, మామూలు మందుల కవర్లో పెట్టిద్దాం అన్నాడు. గలగల పోయేందుకు లోపల శుభ్రమైన దూది మనమే పెట్టిద్దాం అన్నాడు. బీపీ వాళ్లకీ టోకెన్ అంకెలే పెట్టడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు.

టెక్నీషియన్‌గారూ, మీరన్న భయం మాకు ఇంకా ఎక్కువ. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు మా లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. గట్టు మీదకీ, పునరావాస కేంద్రాలకీ జనాన్ని చేర్చారు. అప్పుడు బీపీ మాత్రలు పడవలో పట్టుకెళ్లి పంచాం. ఏఆర్టీ వాడేవాళ్లు ఆ జనంలో ఎవరో మాకు తెలీదు, వాళ్లు నోరు తెరిచి అడగలేదు. ఎంతమందికి మందు ఆగిపోయిందో ఇప్పుడు తలచుకుంటే కడుపులో దేవుతోంది. కౌన్సిలర్‌గారూ, వరద మాట, మా ఆయమ్మ మాట రెండూ కాస్త చెప్పరూ.


ఐసీటీసీ కౌన్సిలర్ రాసిన జవాబు

ముందు ఆయమ్మ. ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఒకటే చెప్పండి. పరీక్షలో తేలిన తల్లి గురించి మనకి తెలుసు, తేలని తల్లి గురించి తెలియదు. అందుకని ప్రతి కానుపుకీ చేతికి గ్లౌజులు, ఒంటికి ఏప్రాన్, కళ్లకి అద్దాలు ఉండాల్సిందే. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, సూది కత్తిరించే హబ్ కట్టర్లో వెయ్యాలి. మందులు సరిగ్గా వాడి వైరల్ లోడ్ దిగిన తల్లి నుంచి మనకి అంటుకునే ప్రమాదం చాలా తక్కువ. ఏదీ చెప్పనివాళ్ల దగ్గరే మనం ఎక్కువ జాగ్రత్తపడాలి.

అయినా సూది గుచ్చుకుంటే? సబ్బుతో ధారగా నీళ్లకింద కడగాలి. నొక్కి రక్తం పిండకూడదు, స్పిరిట్ పొయ్యకూడదు. వెంటనే డాక్టరుగారికి చెప్పి పెప్ మందు, అంటే వైరస్ సోకకుండా ముందుజాగ్రత్తగా వేసుకునే మందు మొదలుపెట్టాలి. రెండు గంటల్లోపు మొదలెడితే మంచిది, 72 గంటలు దాటితే పనిచెయ్యదు, 28 రోజులు వాడాలి. ఆ మందు మీ పీహెచ్‌సీ ఎమర్జెన్సీ ట్రేలో ఉందో లేదో చూడండి. ఎక్కడో ఏరియా ఆసుపత్రిలో ఉంటుందంటే ఆయమ్మ ఎందుకు నమ్ముతుంది? ఆ ట్రే తెరిచి ఆవిడ కళ్లకి చూపించండి. భయం సగం అక్కడే పోతుంది, మా దగ్గర అలాగే పోయింది.

పుట్టిన బిడ్డకి నెవిరపిన్ సిరప్ కనీసం ఆరు వారాలు పట్టాలి. తల్లికి వైరల్ లోడ్ ఎక్కువగా ఉంటే బిడ్డకి ఏ మందులు, ఎంతకాలమో ఏఆర్టీ డాక్టరు చెబుతారు. ఆరు వారాలకి మడమ మీద పొడిచి కాగితం మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి పంపుతారు. పద్దెనిమిది నెలలకి చివరి పరీక్ష. ఈ తేదీలు టీకాల తేదీలతో కలిపి పెట్టుకోండి. ఆరు వారాల టీకాకి తల్లి ఎలాగూ వస్తుంది, వేరే కబురు పెట్టక్కర్లేదు.

వరద సంగతి. జూన్ మొదటి వారంలోనే ఏఆర్టీ సెంటర్‌కి ఫోన్ చేసి, లంకల్లో ఉండేవాళ్లకి మూడు నెలల మందు ఒకేసారి ఇమ్మని అడగండి. 2020 లాక్‌డౌన్‌లో అలాగే ఇచ్చారు, కొత్తేమీ కాదు. జనం ఇల్లు వదిలేటప్పుడు ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాస్‌బుక్ ఓ పాలిథిన్ సంచీలో కట్టుకుంటారు కదా, మందూ, ఏఆర్టీ పుస్తకమూ అందులోనే పెట్టుకోమని ఇచ్చేటప్పుడే చెప్పండి. పుస్తకం తడిసిపోయినా, పోగొట్టుకున్నా మందు ఆపరు, వాళ్ల ఏఆర్టీ సెంటర్ రిజిస్టర్లో పేరు ఉంటుంది. అదీ చెప్పండి. పుస్తకం పోయిందని భయపడి రానివాళ్లున్నారు.

పునరావాస కేంద్రంలో మీ మెడికల్ క్యాంపు బల్ల మీద హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ నంబరు 1097 పెద్దక్షరాలతో రాసి పెట్టండి. కింద హెచ్‌ఐవీ అని రాయొద్దు, "మందుల సహాయం, ఉచితం" అని చాలు. ఆ నంబరు తెలిసినవాళ్లకి దేనికో తెలుసు, ఫోన్ చేస్తారు. క్యాంపులో బీపీ, షుగర్ మాత్రలు అడిగే ప్రతివాళ్లనీ "ఇంకేమైనా రోజూ వేసుకునే మందు ఉందా, తెచ్చుకున్నారా" అని అడగండి, అందరినీ ఒకే మాటలో. చెప్పాలనుకున్నవాళ్లు పక్కకొచ్చి చెబుతారు.

మీ కాగితం రాశాక పేర్లూ ఊళ్లూ తీసేసి ఇక్కడ పెట్టండి. మా మండలంలోనూ డాక్టరుగారికి ఇస్తాను.